అక్క నంబరు మీద చెల్లెలి రెండేళ్ళు

1984 ఫిబ్రవరిలో నన్ను జెర్సీ సిటీ సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి క్లెయిమ్స్ రిప్రజెంటేటివ్‌గా వేశారు. ఎవరికి ఎంత పెన్షన్ రావాలో తేల్చడం, జీతాల రికార్డులో తప్పులుంటే దిద్దడం నా పని. అప్పటికి ఆ ఉద్యోగంలో ఐదేళ్ళ అనుభవం ఉంది. ఏ ఫారం ఎందుకు పనికొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ సంగతి నలుగురికీ తెలియాలన్న కోరిక కూడా కొంచెం ఉండేది.

మార్చిలో ఒకరోజు సువార్త వచ్చింది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. తెనాలి మనిషి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సింగ్ ఎయిడ్. ఆఫీసులో తెలుగావిడ ఉందని వాళ్ళ చర్చిలో ఎవరో చెప్పారట. నర్సుగా పనిచేసే అక్క కరుణ స్పాన్సర్ చేయగా 1978లో గ్రీన్ కార్డు మీద వచ్చింది. రెండేళ్ళ క్రితం ఊరెళ్ళి పెళ్ళి చేసుకుని, భర్తతో నలభై రోజులు ఉండి తిరిగొచ్చింది. గ్రీన్ కార్డు మీద ఆయన్ని రప్పించాలంటే వీసా వరుస ఎప్పటికి కదులుతుందో ఎవరూ చెప్పలేరు. తను సిటిజన్ అయితే ఆ వరుసతో పనిలేదు. అందుకే ఐదేళ్ళు నిండగానే సిటిజన్‌షిప్‌కి అప్లై చేసింది.

ఇంటర్వ్యూలో ఎగ్జామినర్ టాక్స్ కాగితాలు అడిగాడు. మొదటి రెండేళ్ళకి ఆమె దగ్గర ఏమీ లేవు. అప్పుడు పనిచేసిన నర్సింగ్ హోమ్ మూతపడింది. యజమాని ఏటా ఇచ్చే జీతం చీటీలు, అంటే డబ్ల్యూ-2లు, ఇల్లు మారినప్పుడు పోయాయి. అరవై రోజుల్లో రుజువు తేకపోతే పన్ను ఎగ్గొట్టినట్టే లెక్క అని చెప్పి పంపాడు.

ఇక్కడ ఎవరి జీతమైనా వాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబరు మీదే నమోదవుతుంది. ఆమె నంబరు మీద రికార్డు తీయించాను. 1978 సున్నా. 1979 సున్నా.

"సున్నా ఏంటి మేడమ్? నడుం విరిగేలా డబుల్ షిఫ్టులు చేశానండీ!" అంది.

రికార్డులో జీతం కలపమని అడగడానికి మూడేళ్ళ మూడు నెలల పదిహేను రోజుల గడువు ఉంటుందనీ, అది దాటిపోయిందనీ, పైగా కాగితం ముక్క కూడా లేదనీ గడగడా అప్పజెప్పాను. చేయగలిగిందేమీ లేదన్నాను. ఆమె లేచి కోటు తొడుక్కోసాగింది. ఫైలు మూయబోతూ మరోసారి చూశాను. ఆమెకి నంబరు ఇచ్చిందే 1980లో.

"ఆగండి. అంతకుముందు ఉద్యోగంలో ఏ నంబరు ఇచ్చారు?"

"మా ఇంటిదే ఇచ్చానండీ. అక్కకుందిగా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది. "రేషన్ కార్డు ఇంటికొకటేగా మేడమ్. ఇదీ అంతే అనుకున్నాం. తరవాత ఆసుపత్రిలో చేరినప్పుడు, ఎవరిది వాళ్ళకే ఉండాలంటే తెచ్చుకున్నాను."

టాక్స్ ఎవరు కట్టారని అడిగాను. బావగారు ఇంట్లో అందరి జీతాలూ కలిపి ఒకే రిటర్న్ వేసేవారట. నాకు నవ్వొచ్చింది. పన్ను ఎగ్గొట్టడం మాట దేవుడెరుగు, పూర్తిగా కట్టేశారు. కాకపోతే అది వేరేవాళ్ళ పేరున పడింది. సర్టిఫికెట్ల మీద ఉందని కరుణ పెళ్ళయ్యాక కూడా పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంది. నంబరూ ఇంటిపేరూ సరిపోయాయి కాబట్టి కంప్యూటర్ అభ్యంతరం చెప్పలేదు.

ఆ గడువుకి ఒక మినహాయింపు ఉంది. ఒకరి జీతం పొరపాటున ఇంకొకరి ఖాతాలో పడితే ఎప్పుడైనా మార్చవచ్చు. కానీ కరుణ రికార్డు ఆమె అనుమతి లేకుండా నేను తెరవకూడదు. ఆ జీతం తనది కాదని ఆమె స్వయంగా వచ్చి రాసివ్వాలి. ఇక సువార్త ఇంకొకరి నంబరు వాడిన సంగతి బయటపడితే ఎగ్జామినర్ ఏమంటాడో నాకు తెలియదు. ఆయన అడగకముందే మీరే చెప్పండి అని మాత్రం గట్టిగా చెప్పాను.

వారం గడిచినా కరుణ రాలేదు. సువార్త రెండుసార్లు ఫోన్ చేసి, అక్కని అడిగాననీ ఇంకా ఏమీ అనలేదనీ చెప్పింది. పదో రోజున ఇద్దరూ వచ్చారు. కరుణ డ్యూటీ నుంచి తెల్ల యూనిఫాంలోనే వచ్చింది.

"నా లైసెన్సుకేమన్నా అవుద్దా మేడమ్? ఆ రిటర్నుల మీద నా సంతకం కూడా ఉంది" అని అడిగింది.

ఏమీ కాదని హామీ ఇచ్చే అధికారం నాకు లేదు. ఆ మాటే చెప్పాను. సువార్త తల దించుకుని కూర్చుంది. అక్కని ఒక్క మాట కూడా బతిమాలలేదు. కరుణ చెల్లెలి వంక చూసి పెన్ను అందుకుంది.

"దీని కష్టం నా పేరునెందుకుండాలి? ఎక్కడ పెట్టాలి సంతకం?"

ప్రధాన కార్యాలయంలో పాత రిపోర్టులు మైక్రోఫిల్మ్ మీద ఉండేవి. కరుణ అనుమతితో తెప్పించాను. నర్సింగ్ హోమ్ పంపిన జాబితాలో నంబరు కరుణదే, పక్కన పేరు మాత్రం సువార్త అని స్పష్టంగా ఉంది. బావగారు ఆ రెండేళ్ళ రిటర్నులూ విడదీసి మళ్ళీ వేశారు. ఎగ్జామినర్ ఇచ్చిన గడువుకి ఆరు రోజుల ముందు దిద్దిన స్టేట్‌మెంట్ సువార్త చేతికిచ్చాను. ఎగ్జామినర్ రేషన్ కార్డంటే ఏమిటో రెండుసార్లు చెప్పించుకున్నాడట. చెప్పిందంతా రాసుకుని, కాగితాలు ఫైలులో పెట్టుకుని, సిటిజన్‌షిప్ ఇవ్వవచ్చని సిఫారసు చేశాడు. కరుణ లైసెన్సు జోలికి ఎవరూ రాలేదు.

మరుసటి ఏడాది వేసవిలో సువార్త ఒకాయన్ని వెంటబెట్టుకుని నా కౌంటర్‌కి వచ్చింది. "మా ఆయన మేడమ్. ఈయనకి నంబరు కావాలి. వేరేదివ్వండి, నాది మాత్రం ఇవ్వను" అంది. ఆయన బిత్తరపోయి చూశాడు. నేను పకపకా నవ్వాను.

తరవాత ఇరవై రెండేళ్ళు అదే ఉద్యోగం చేశాను. రికార్డులో సున్నా కనిపిస్తే, లేదని చెప్పేముందు నంబరు ఎప్పుడిచ్చారో, అంతకుముందు ఏది వాడారో అడగడం అలవాటు చేసుకున్నాను. కొత్తగా చేరినవాళ్ళకి కూడా అదే నేర్పాను. సువార్త కేసు నా తెలివితో తేలిందని ఆఫీసులో అనుకునేవారు. నిజానికి నేను ఆమెని పంపేశాను. కోటు తొడుక్కోవడం ఆలస్యమైంది కాబట్టి సరిపోయింది.