పెట్రోలు మూత మీద లక్క

నా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరస మొత్తానికి మోటారు సైకిళ్ళు రెండే. ఒకటి మా నాన్నది, ఒకటి పక్క క్వార్టర్ మావయ్యది. అందుకే ఒక ఉదయం మా బండిలో పెట్రోలు తగ్గినట్టు అనిపించగానే మా నాన్న చూపు ఇంకెటూ పోలేదు. నేరుగా ఆ ఇంటి గుమ్మం మీద వాలింది.

మా నాన్న పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. అక్కడ విలువైన మూటలకి లక్క కరిగించి సీలు వేస్తారు, ఎవరైనా విప్పితే తెలిసిపోతుంది. అలాంటి లక్కే బజార్లో కొని, మా అమ్మ గరిటెలో కరిగించి తెచ్చి, పెట్రోలు మూత మీదా చుట్టూ పోసేశాడు.

మర్నాటి నుంచి బండి కొత్త పేచీ పెట్టింది. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది. నన్ను ముందు కూర్చోబెట్టుకుని, సదర్ బజార్‌లో మా అత్త ఇంట్లో దింపి డ్యూటీకి పోదామని బయలుదేరితే, కొంత దూరం పోయాక దగ్గినట్టు చప్పుడు చేసి ఆగిపోయేది. మా నాన్న ప్లగ్గు విప్పి తుడిచేవాడు. ఈలోగా మళ్ళీ అందుకునేది, మళ్ళీ ఆగేది. సీలు చూస్తే చెక్కు చెదరలేదు. అయినా మావయ్యే ఏదో కలిపేశాడని ఆయన నమ్మకం. మావయ్య నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. డ్యూటీకి రోజూ ఆలస్యం. ఇంకొక్కసారి ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తామని పై ఆఫీసరు చెప్పేశాడు.

ఆ మాట పడిన మర్నాడే బండి దారిలో మళ్ళీ ఆగింది. వెనకే వస్తున్న మావయ్య తన బండి దిగాడు.

“ఏటి బావా, మళ్ళీ మొరాయించిందా?”

“నీకు తెలీదా ఏటి?” అన్నాడు మా నాన్న.

మావయ్య విననట్టే కింద కూర్చుని, ఇంజనుకి పెట్రోలు తెచ్చే పైపు ఊడదీశాడు. కొన్ని చుక్కలు కారి ఆగిపోయాయి. బండి ఊపితే మాత్రం ట్యాంకులో పెట్రోలు గలగలమంది. అతను తలెత్తి మూత వైపు చూశాడు.

“అచ్ఛా. ఈ లక్క ఎవడు పోశాడు?”

నేను మా నాన్న మొహం చూశాను.

మావయ్య తాళంచెవితో లక్క పగలగొట్టి మూత తిప్పాడు. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. పైపులోంచి పెట్రోలు ధారగా నేల మీద పడింది.

“మూతకి చిన్న చిల్లుంటాది బావా. అందులోంచి గాలి లోనికెళ్తేనే పెట్రోలు కిందకొస్తాది. నా బండికి ఓసారి ఆ చిల్లులో మట్టి పట్టేసి ఇలాగే సతాయించింది. నువ్వేమో సొంత చేత్తో దాని గొంతు నొక్కీసి, ఊళ్ళో దొంగల్ని ఎతుకుతన్నావు.”

“మరి ఆ రోజు పెట్రోలు ఎవడు తీశాడు?” మా నాన్న ఇంకా వదల్లేదు.

“ముందు డ్యూటీకి పో. సాయంత్రం వచ్చి నన్ను తిడుదువుగాని.”

ఆ రోజు మా నాన్న వేళకి చేరాడు, ఉద్యోగం నిలిచింది. పెట్రోలు ఎవరు తీశారో, అసలు ఎవరైనా తీశారో లేదో, ఎప్పటికీ తేలలేదు. సాయంత్రం తిట్టనైతే తిట్టలేదు.

ఆయన అనుమానపు బుద్ధి నాకూ వచ్చింది. గ్యాసు బండ తొందరగా అయిపోయినా, డబ్బాలో బియ్యం తరిగినా, నా చూపు ముందు ఎవరో ఒకరి మీదికి పోతుంది. పోనిస్తాను. కానీ నోరు విప్పే ముందు, ఈమధ్య నా చేత్తో నేనేం మూశానో, ఏం బిగించానో ఒకసారి వెళ్ళి చూసుకుని వస్తాను.