రెండో సాక్షి కళ్లారా చూసింది

మా రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో ఒక బెంచీ ఉంది. దాని కాళ్లలో ఒకటి పొట్టి, కింద ఇటుక ముక్క పెట్టారు. ఆ బెంచీ మీద ఇరవై ఎనిమిదేళ్లుగా కూర్చుంటున్న పెద్దమనిషిని అందరూ రెండో సాక్షి అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయన తల తిప్పడు, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుంటాడు.

మా దగ్గర కాగితం ఏదైనా కింద ఇద్దరు సాక్షులు ఉండాలి. ఇంటివాళ్లు పనికిరారని మా ఆఫీసరుగారి పట్టుదల. జనం ఒక సాక్షిని ఎలాగో బతిమాలి వెంటబెట్టుకొస్తారు. రెండోవాడు కావాలన్న సంగతి మెట్లెక్కాక గుర్తొస్తుంది. అప్పుడు నేను బెంచీ వైపు వేలు చూపిస్తాను. నాది దస్తావేజులు టైపు చేసే పని, నా బల్ల ఆ బెంచీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆయన జేబులోంచి కలం తీసి "ఎక్కడ?" అంటాడు. నేను వేలు పెట్టిన చోట సంతకం గీకేస్తాడు. పైన ఏం రాసుందో చదవడు. చదువుతూ కూర్చుంటే వాళ్లు తెప్పించిన టీ చల్లారిపోతుంది.

ఈ లెక్కన ఆయన ఎన్ని ఇళ్లు చేతులు మారడం కళ్లారా చూశాడో, ఎన్ని పెళ్లిళ్లకు స్వయంగా హాజరయ్యాడో, ఎంతమంది పూర్తి తెలివితో వీలునామా రాస్తుంటే పక్కన నిలబడ్డాడో ఆ దేవుడికే తెలియాలి. ఒక్కసారి మాత్రం కోర్టువాళ్లు పిలిచి, ఇల్లు అమ్మినాయన ఎవరో చూపించమన్నారు. ఈయన హాలంతా కలియజూసి, కాస్త కలిగినవాడిలా కనిపించాడని జడ్జిగారి ముందు కూర్చున్న గుమాస్తాను చూపించాడు. జడ్జిగారు నాలుగు చివాట్లు పెట్టి పంపించారు. మర్నాడు పదింటికల్లా మళ్లీ బెంచీ మీద ఉన్నాడు. సిగ్గుపడ్డాడా అంటే అదీ లేదు. టీ ఏదన్నాడు.

అలాంటి మనిషికి ఒకరోజు నిజంగా ఒకటి కనిపించింది. ఆ కష్టం పగవాడికి కూడా వద్దు.

తెల్లవారుజామున ఐదు కావస్తోంది. డాబా మీది ట్యాంకు నిండిందో లేదో చూడటం రోజూ ఈయన పని. కింద పెరట్లో మోటారు స్విచ్చి దగ్గర వదిన, అంటే ఆయన భార్య, నిలబడుతుంది. ఈయన పైనుంచి కేకేస్తే ఆవిడ ఆపుతుంది. ఎప్పుడైనా కేక ఆలస్యమై నాలుగు చుక్కలు పొర్లాయా, ఆవిడే టక్కున ఆపేసి చెడామడా తిడుతుంది. ఆరోజు ఈయన మూత ఎత్తి లోపలికి తొంగిచూస్తుంటే ట్యాంకులో నీళ్లు ఆకుపచ్చగా మెరిశాయట. తలెత్తి చూస్తే ఆకాశంలో నిప్పుముద్ద.

"చంద్రుడు దాని ముందు దిగదుడుపే తమ్ముడూ!" అని పొద్దున్నే నా బల్ల మీద పడ్డాడు. "డాబా అంతా పట్టపగలైపోయింది. ట్యాంకు నీడ ఈ గోడ నుంచి ఆ గోడకు గిర్రున తిరిగింది. చివర్లో మూడు ముక్కలై ఆరిపోయింది. చప్పుడు మాత్రం లేదు. నేను కేకెయ్యడం కూడా మర్చిపోయాను. నీళ్లు పొర్లి, మెట్లన్నీ దిగి పెరట్లోకి పోయాయి. అప్పుడొచ్చింది చప్పుడు, దడదడమని. తలుపులు అదిరాయి."

వరండా అంతా గొల్లున నవ్వింది.

"ఎవరి తరఫున చూశావన్నా?" అన్నాను నేను.

"అది కాదు, టీ ఎవరు ఇప్పించారో అడుగు," అన్నాడు స్టాంపులు అమ్మే ఆయన.

రెండో సాక్షి నవ్వలేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "నిజంగా చూశానయ్యా," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అప్పటికైనా ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఆ వారమంతా ఎవరు సంతకానికి వచ్చినా, "అయ్యా, తెల్లవారుజామున ఎవరైనా చూశారేమో కనుక్కోండి, మా సాక్షికి సాక్షి కావాలి," అని పరువు తీశాను. ఆయన కాగితం మీద సంతకం మధ్యలో ఆపి వాళ్లకు కథంతా మొదటినుంచీ చెప్పేవాడు. వాళ్లు కాగితం లాక్కుని పోయేవాళ్లు. టీ అలాగే ఉండిపోయేది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన టీ వదిలెయ్యడం అదే మొదలు.

ఆదివారం వాళ్లింటికి వెళ్తే అక్కడా అదే పురాణం. వదిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఈయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ, చేతులు తిప్పుతూ, "ఆకుపచ్చటి ముద్ద! ఇంత లావు!" అంటున్నాడు.

"చివర్లో ఎర్రబడింది," అంది వదిన, దుప్పటి కొసలు కలుపుతూ.

"ఆఁ, చివర్లో ఎర్రబడింది," అని ఆయన ఆ ముక్క కూడా కలిపేసుకుని ముందుకు సాగిపోయాడు. పాపం, విని విని ఆవిడకు కంఠతా వచ్చేసింది అనుకున్నాను. నా తెలివి అలా ఏడిసింది.

పది రోజులకు ఒక అబ్జర్వేటరీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మేం ఉల్కలమ్మాయి అని పేరు పెట్టేశాం. మా ఆఫీసు బోర్డు మీద కాగితం అంటించింది: ఫలానా తెల్లవారుజామున పెద్ద ఉల్క పడింది, చూసినవారు రేపు మూడింటికి ఇక్కడే చెప్పగలరు, ఏ వైపు వెళ్లిందో తెలిస్తే రాయి ఎక్కడ పడిందో వెతుకుతాం. అది చదివి రెండో సాక్షి బెంచీ మీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. "విన్నావా తమ్ముడూ, నేను చూశాను," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అంతటితో ఆగితే ఎంత బాగుండేది. మూడింటికి వచ్చి, నోటితో చెబితే సరిపోయేది. కానీ ఈయన ఎక్కడి మనిషి? సాయంత్రానికల్లా నాచేత స్టాంపు కాగితం మీద టైపు చేయించాడు, "నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఆకాశమును చూసితిని" అని. మొదటిసారి తన పేరు పైన రాసుకున్నాడు. కింద ఖాళీ చూసి గిలగిల్లాడిపోయాడు.

"సాక్షుల దగ్గర నువ్వూ, స్టాంపులాయనా పెట్టండి."

"మేం చూడలేదు కదన్నా," అన్నాను.

"నువ్వు వేలు పెట్టినచోటల్లా నేను చూసే పెట్టానా?"

నేనూ సంతకం పెట్టాను. స్టాంపులాయనా పెట్టాడు. "కింద ఖాళీగా ఉంటే ఎవరు నమ్ముతారు!" అని రెండో సాక్షి కాగితం మడిచి, కలం పక్కన జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఆ అమ్మాయి ఆయన్ని డాబా మీద ఎక్కడ నిలబడ్డారంది, ట్యాంకు ఎత్తెంత అంది, నీడ ఏ గోడ నుంచి ఏ గోడకు పోయిందంది. ఆయన ఒక్కదానికి కూడా తడుముకోలేదు. చప్పుడు ఎంతసేపటికి వచ్చిందంటే, పొర్లిన నీళ్లు పదహారు మెట్లు దిగేసరికి అన్నాడు. ఆ అమ్మాయి గబగబా రాసుకుంటూ, "ఇంత బాగా చెప్పినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు," అంది. ఆయన మొహం వెలిగిపోయింది. సరిగ్గా అప్పుడు జేబులోంచి కాగితం తీశాడు.

చదివి ఆ అమ్మాయి నన్నూ, స్టాంపులాయననీ చెరో మూలకు పిలిచి, ఎటు పోయిందని అడిగింది. నేను ఎడమవైపు చెయ్యి చూపించాను. నిప్పన్నాక ఎర్రగానే ఉంటుంది కదా అని ఎర్రగా ఉందన్నాను. స్టాంపులాయన కుడివైపు చూపించి, రాత్రి భోజనాలయ్యాక పడకగది కిటికీలోంచి చూశానని ధీమాగా చెప్పాడు.

ఆ అమ్మాయి నోటుబుక్కులో రాసిందంతా ఒక గీతతో కొట్టేసింది.

"పెద్దాయనా, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ మీరు తెచ్చిన కాగితం మీద ఇద్దరు అబద్ధం రాశారు. మూడోది నేనెలా నమ్మను? నిజంగా చూసినవాళ్లు ఇంకొక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి చెప్పినా మీ మాట తీసుకుంటాను. ఆరింటిదాకా ఇక్కడే ఉంటాను. తర్వాత మా బండి వెళ్లిపోతుంది."

ఆయన్ని ఇంటికి నడిపించుకెళ్లాను. వీధి మలుపులో ఒక్కసారి ఆగి, "ఎడమవైపు ఎందుకు చూపించావ్?" అన్నాడు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంట్లో వదిన ఇద్దరికీ టీ ఇచ్చింది. ఆయన గోడకు జారబడి, జరిగింది చెప్పాడు. చూసినవాళ్లు ఇంకొక్కరు ఉంటే చాలట, అన్నాడు.

"అదేమిటి? నేను చూశానుగా," అంది వదిన.

నేను గ్లాసు కింద పెట్టేశాను.

"పెరట్లోనే ఉన్నాను కదా. నా తల మీంచే పోయింది. అది చూస్తూ స్విచ్చి మాటే మర్చిపోయాను. లేకపోతే నీళ్లు పదహారు మెట్లు దిగిందాకా ఊరుకుంటానా?"

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం వదినా?"

"ఎవరన్నా అడిగారా? ఎలా ఉందో రోజూ నాకే చెబుతున్నారాయె."

గోడ గడియారం ఐదున్నర చూపిస్తోంది. ఆఫీసుకు పది నిమిషాల నడక. నేను అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టాను. "లే అన్నా! వదినా, చెప్పులేసుకో!" అన్నాను. వదిన కొంగుతో చెయ్యి తుడుచుకుని లేచింది.

ఆయన లేవలేదు. "ఇంటివాళ్లు పనికిరారు," అని గొణిగాడు.

"అది మన ఆఫీసులో! ఆ అమ్మాయికి ఆ గొడవ లేదు!" నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన వదిన వైపు తిరిగాడు. కింద నుంచి పైకి ఒకసారి చూశాడు.

"నువ్వు చూసినట్టు సాక్షి ఎవరు?" అన్నాడు.

వదిన ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. అందులో ఇంకా సగం టీ ఉంది.