ఉంగరం వేలు, అమ్మమ్మ ఊఁ

నా చిన్నప్పుడు న్యూజెర్సీలో మా వీధి మొత్తానికి తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. నాకప్పుడు పదేళ్ళు. స్కూల్లో పిల్లల పియానో కచేరీకి ఇంకా మూడు వారాలుంది కానీ, నా కుడిచేతి ఉంగరం వేలు మాట వినేది కాదు. మిగతా వేళ్ళు పరుగెత్తుతుంటే అది నిద్రమొహంతో వెనకబడేది. నేను వాయించాల్సింది వెనకటి జర్మన్ సంగీతకర్త ఒకాయన, పెద్దయ్యాక చిన్నతనాన్ని తలుచుకుంటూ రాసిన చిన్న రచన.

లైబ్రరీ నుంచి ఆయన జీవితకథ తెచ్చుకున్నాను. వయసులో ఉండగా ఆయన వేళ్ళ బలం కోసం ఒక సాధనం తయారు చేసుకుని, వేలిని అందులో బిగించేవాడట. అంతవరకు చదివి పుస్తకం మూసేశాను. నా తెలివి అలాంటిది. జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండుతో ఆ వేలిని వెనక్కి లాగి మణికట్టుకు కట్టేసి, తలుపు వేసుకుని రోజూ సాధన చేసేదాన్ని.

మా అమ్మమ్మ ఆ ఏడాది ఆరు నెలలు ఉండి వెళ్దామని మా దగ్గరికి వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, పియానో సంగతి అసలే తెలియదు. కానీ వేలు వాచి, పప్పన్నం తినడానికి నేను స్పూన్ అడగడం మూడో రోజుకే కనిపెట్టింది. తిట్టలేదు. సాయంత్రం నా పక్కన చేరి, "ఆ పుస్తకంలో కథేదో నాకూ చెప్పవే, ఊ కొడతాను" అంది. రోజూ కథ చెప్పేది ఆవిడ, ఊ కొట్టేది నేను. ఆ రోజు తారుమారైంది.

నా వచ్చీరాని తెలుగులో చెప్పుకుంటూ వచ్చి, వేలు బిగించిన దగ్గర ఆగాను. "ఊఁ" అంది. అయిపోయిందన్నాను. "ఇంకా అంత పుస్తకం ఉంది కదే. ఊఁ" అంది. చేసేది లేక పేజీ తిప్పాను. ఆయన వేలు పాడైపోయిందని, పియానో విద్వాంసుడు కావాలన్న ఆశ వదులుకున్నాడని అక్కడ ఉంది. అది తెలుగులో ఎలాగో చెప్పాను. ఏడుస్తూ చెయ్యి చాపాను.

అమ్మమ్మ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, వాచిన వేలికి కొబ్బరినూనె రాస్తూ మళ్ళీ "ఊఁ" అంది. ఆయన రాయడం మీదే మనసు పెట్టాడని, ఆ రచనల్ని భార్య ఊరూరా వాయించిందని చదివి చెప్పాను. అమ్మమ్మకు ఆ భార్య తెగ నచ్చింది. "ఆ వేలు మెల్లగా వస్తే మెల్లగానే రానీ. మేమేం తరుముతున్నామా?" అంది. ఆ క్షణంలో ఆవిడ మీద పొంగిన ప్రేమ నాకింకా గుర్తుంది.

వాపు తగ్గింది. కచేరీ రోజు అనుకున్న చోటే ఆ వేలు బద్ధకించింది. ఆగిపోయాను. ముందు వరసలోంచి "ఊఁ" అని గట్టిగా వినిపించింది. అమ్మ సిగ్గుతో తల దించుకుంది. నేను మాత్రం చివరిదాకా వాయించాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ వేలు ఇప్పటికీ కాస్త బద్ధకమే. మా ఇంటికి పియానో నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మధ్యలో తడబడి, ఆపేసి, భయంగా నా మొహం చూస్తారు. తప్పెక్కడో నేను చెప్పను. "ఊఁ" అంటాను.