అవ్వ చెవిలో చెప్పిన అక్షరాలు

మా చిన్నప్పుడు చొప్పదండిలో, మా బడి వరండాలో ఒకసారి ఉచిత కంటి పరీక్ష పెట్టారు... ఒక డాక్టరు, ఒక బల్ల, గోడకు ఒక తెల్ల అట్ట. అట్ట మీద అక్షరాలు... పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చీమలంత.

అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ బీడీలు చేసేది. ఆ ఏడు ఆకు కత్తిరిస్తుంటే ఊరికే వేళ్లు తెగుతున్నాయి. "కండ్ల ముంగట మబ్బు పట్టినట్లున్నది బిడ్డా" అనేది. నేనే తీసుకుపోయాను.

"సూది గుచ్చుతరా?" అని దారంతా ఒకటే పరేషాన్.

"లేదవ్వా, బత్తి పట్టి చూస్తరు... గంతే."

పేర్లు రాసుకునేది మా పంతులమ్మ. "మీ అవ్వకు చదువొస్తదా?" అని అడిగింది. అవ్వకు ఒక్క అక్షరమూ రాదు. కానీ నాకు అక్షరాలు దిద్దించింది మా అవ్వేనని క్లాసులో గొప్పలు పోయి ఉన్నాను మరి! "వస్తది టీచర్" అనేశాను. అవ్వ నా మొహం చూసింది.

అవ్వ ఒక కన్ను మూసుకొని కూర్చుంది. డాక్టరు దూరంగా అట్ట దగ్గర పుల్లతో చూపిస్తున్నాడు. నేను వెనక నిలబడి, కొంగు సర్దుతున్నట్టు వంగి చెవిలో చెప్పాను. "గ" అంటే "గ" అంది... "మ" అంటే "మ" అంది. పై వరుసతో ఆగొచ్చు కదా... ఆగలేదు. చిట్టచివరి వరుస దాకా చదివించాను. రెండో కన్నూ అంతే.

"ఏం ఫికర్ లేదమ్మా, నీకు అద్దాలు అక్కర్లే" అన్నాడు డాక్టరు.

మా తర్వాత ఒక ముసలాయన కూర్చున్నాడు. "నాకు చదువు రాదు సారూ" అన్నాడు, ఏ సిగ్గూ లేకుండా. డాక్టరు అట్ట తిప్పాడు. వెనక అక్షరాలే లేవు... మూడు పళ్ల దువ్వెనలాంటి బొమ్మలు. పళ్లు ఎటుంటే అటు చెయ్యి చూపిస్తే చాలు! ఆయనకు అద్దాలు రాసిచ్చారు.

అవ్వ అటే చూస్తూ నిలబడింది. "మల్ల కూసుందునా బిడ్డా? నాక్కూడ గది సూపిస్తరేమో..." అంది మెల్లగా.

పంతులమ్మ మావైపే చూస్తోంది. "వద్దు, నడువవ్వా" అని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

అవ్వ మళ్లీ ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు. ఎవరడిగినా "నా కండ్లు మంచిగున్నయని సారే చెప్పిండు" అనేది. నా పేరు ఎక్కడా రానీయలేదు. కొన్నేళ్లకు బీడీలు చేయడం మానేసింది. నా లగ్గంలో, "బిడ్డ కట్టుకున్నది ఏం రంగు చీర?" అని పక్కామెను అడగడం నేను విన్నాను.

ఇప్పుడు ఊరూరా కంటి శిబిరాలు... చదువు రాదని చెప్పడానికి ఎవరూ వెనకాడరు. అప్పుడూ అవ్వ వెనకాడలేదు, సిగ్గుపడింది నేను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మీరూ అమ్మను చూసి సిగ్గుపడిన రోజు ఏదైనా ఉంటే రాయండి... అమ్మ ఉంటే మాత్రం, ముందు ఆమెకు చెప్పండి. నేను చెప్పలేకపోయాను.