లాగితే లోపలికి పోయిన మందు

బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక చిన్న కంపెనీలో, అణువులు ఎలా కదులుతాయో కంప్యూటర్లో లెక్కగట్టే పని చేసేవాణ్ణి. మా యజమానికి ఆ లెక్కలేమిటో తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోనక్కరలేదని ఆయనకున్న ధీమా చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. ఆయనకు కావలసింది బొమ్మ. అణువులు రంగురంగులుగా తిరగాలి, వెనక సంగీతం రావాలి. కణపొరలోని కొవ్వుకు నేను ఎర్రరంగు వేస్తే, "మటన్ అంగడి మాదిరి ఉండాది, మార్చప్పా" అంటూ ఒక పూట మీటింగంతా దానిమీదే నడిపిన మనిషి.

బొమ్మసంద్రలో మందులు తయారుచేసేవాళ్ళు మాకు ఒక పని ఇచ్చారు. వాళ్ళ కొత్త మందు కణపొరను దాటి లోపలికి పోతుందో లేదో చూసి చెప్పాలి. నేను కంప్యూటర్లో పొర కట్టి, రెండు పక్కలా నీళ్ళు నింపి, మందు అణువును ఒక పక్క వదిలాను. ప్రతి పరమాణువు మీదా పక్కవాటి బలం ఎంతో లెక్కించి, దాన్ని రవ్వంత జరిపి, మళ్ళీ లెక్కించడం. వారాల తరబడి ఇదే పని. మందు పొర దాకా వచ్చింది, అంటుకుంది, ఆగిపోయింది. తర్వాత దాన్ని మెల్లగా లోపలికి లాగుతూ ఎంత బలం పడుతుందో కొలిచాను. చాలా పట్టింది. అంటే తనంతట తాను పోదన్నమాట.

"పోలేదంటే వాళ్ళకేం చూపించేదప్పా?" అన్నాడు యజమాని.

"పోలేదనే చూపిద్దాం సార్. వాళ్ళడిగింది అదే కదా."

"నువ్వు లాగినప్పుడు పోయిందా లేదా?"

"లాగితే ఏదైనా పోతుంది సార్."

"చాలు. దాన్నే వీడియో చెయ్యి."

చెయ్యనన్నాను. బొమ్మలు వేసే అమ్మాయి చేత చేయించాడు.

వీడియో చూడటానికి మందుల కంపెనీ శాస్త్రవేత్త వచ్చింది, నెరిసిన జుట్టు పెద్దావిడ. తెరమీద మందు అత్తవారింటికి వచ్చిన అల్లుడిలా దర్జాగా పొరలోకి నడిచింది. ఆవిడ చివరిదాకా చూసి అడిగింది. "దీన్ని ఎవరైనా లాగుతున్నారా?"

"లేదు మేడం, అంతా నేచురల్," అన్నాడు యజమాని, పళ్ళరసం అమ్మేవాడిలా.

ఆవిడ నా వైపు తిరిగింది. "లెక్క చేసింది మీరేనా?"

"నేనే మేడం. లాగితేనే పోయింది. వదిలేస్తే వెనక్కి వచ్చేస్తుంది."

యజమాని కాఫీ చెప్పాలంటూ లేచి బయటికి వెళ్ళాడు.

"మాకు కావాల్సిన ఆన్సర్ ఇదే," అంది ఆవిడ. "మందు మార్చుకుంటాం."

తరువాతి పని కూడా మాకే ఇచ్చింది, నివేదిక నేనే రాయాలన్న షరతుతో. ఈ దెబ్బతోనైనా ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. మరుసటి వారం ఎవరో కొత్తవాళ్ళను వెంటబెట్టుకొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "మా దగ్గర అబద్ధమే ఉండదు సార్. దానికనే ఈయప్పను పెట్టుకొనుండాను."

ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ఆ రెండో పని ముగించి ఉద్యోగం మానేశాను. వెళ్తుంటే మెట్ల దగ్గర ఆపి, "ఏమప్పా, నీకేం తక్కువ చేసినాం?" అని అడిగాడు. నిజంగానే తెలియక అడుగుతున్నాడని ఆ ముఖం చూస్తే అర్థమైంది. అంతదాకా దాచుకున్న మాటలన్నీ ఆ మనిషి మీద దండగ అనిపించింది.

"ఏమీ లేదు సార్," అని దిగివచ్చేశాను.