ఎనిమిది వందల పన్నెండు బైట్లు

కెనడాలో, మార్కమ్‌లో మా అద్దె బేస్‌మెంట్ పైన ఓనర్ రూపవతి ఆంటీ ఉంటుంది. నరసాపురం మనిషి. పదిహేడేళ్ళుగా బస్సు తలుపులు నడిపే చిప్‌లకి ప్రోగ్రాములు రాస్తోంది. మూసుకునే తలుపులో చెయ్యి పడితే అది ఆగి వెనక్కి తెరుచుకునేది ఆవిడ కోడ్ వల్లే.

చిప్‌లో పట్టేది అరవై నాలుగు కిలోబైట్లు. ప్రోగ్రామ్ ఎనిమిది వందల పన్నెండు బైట్లు ఎక్కువైంది. ఇక్కడే పుట్టిన టీమ్ లీడ్ కెన్నీ, చెయ్యి ఇరుక్కుందా అని రెండోసారి చూసే చెక్ తీసెయ్యమన్నాడు. శుక్రవారం దాకా గడువు. "ఓకే, లెట్ మీ సీ" అంది ఆంటీ కాల్‌లో. ఫోన్ పెట్టేసి నాతో, "తియ్యను. ఒరేయ్, నువ్వు చదివింది కంప్యూటర్సేగా?"

"మానేసింది కూడా అదే ఆంటీ."

ఒషావాలో రెండు సెమిస్టర్లు వెలగబెట్టాను. క్లాసులో సగం మంది మనవాళ్ళే, వేర్‌హౌస్ షిఫ్ట్ దిగొచ్చి నిద్రపోయేవాళ్ళు. చెప్పేవాడూ లేపేవాడు కాదు.

ప్రోగ్రామ్ ఫైళ్ళన్నీ కలిపేటప్పుడు మొత్తం ఒకేసారి చూసి దండగ కోడ్ తీసేయమని కంపైలర్‌కి, అంటే మనం రాసింది చిప్ భాషలోకి మార్చేదానికి, చెప్పే ఆప్షన్ -flto. ఆంటీ మూడు రోజుల క్రితమే పెట్టింది. ఒక్క బైట్ తగ్గలేదు. చూస్తే, చివర్లో ఫైళ్ళని కలిపే లింక్ లైన్‌లో ఉంది, అంతకుముందు ఒక్కో ఫైల్‌నీ మార్చే కంపైల్ లైన్‌లో లేదు.

"రెండు చోట్లా ఉండాలి ఆంటీ."

"మరి ఎర్రర్ ఇచ్చి చావొచ్చుగా?"

"ఇవ్వదు. అదే దాని గొప్ప."

రెండు చోట్లా పెట్టి, పాత ఫైళ్ళు తుడిచి, మళ్ళీ బిల్డ్ చేశాం. సైజు ఇంకో నాలుగు వందలు పెరిగింది. నాకు ఒళ్ళు మండింది. గంటన్నర వెతికితే దొరికింది. సెన్సార్ చదివే చిన్న ఫంక్షన్ వేరే ఫైల్‌లో ఉండేది. ఇప్పుడు అన్ని ఫైళ్ళూ కనబడుతున్నాయి కదా, ఆ ఫంక్షన్‌ని వాడిన ముప్పై ఒక్క చోట్లా దాని కోడ్ మొత్తం తెచ్చి అతికించింది కంపైలర్. వేగం కోసమట. తలుపుకి ఎందుకంత వేగం?

"అలా అతికించమని, inline అని నేను రాయలేదే," అంది ఆంటీ.

"రాసినా అది సలహా కిందే లెక్క, చేస్తే చేస్తుంది లేకపోతే లేదు. noinline అని రాయండి. వద్దంటే మాత్రం వింటుంది."

రాసింది. ఈసారి పట్టింది. పైగా మూడు వందల చిల్లర బైట్లు మిగిలాయి. చెక్ ఉంది.

శుక్రవారం కాల్‌లో కెన్నీ సంబరపడ్డాడు. మిగిలిన చోటులో తలుపు తెరుచుకున్నప్పుడు మోగే ట్యూన్ పెడదామన్నాడు.

"ఓకే, లెట్ మీ సీ," అంది ఆంటీ.

నేను తల పట్టుకున్నాను. "మళ్ళీ ఒప్పుకున్నారేంటి?"

ఆవిడ మ్యూట్ నొక్కి నావైపు తిరిగింది.

"చూస్తానన్నాను. పెడతానన్నానా?"