పసుపు పట్టిన రాయి

మా అత్తయ్యకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అదే ముక్కుకి తెల్లటి ఒంటిరాయి ముక్కుపుడక కూడా ఉంటుంది. పెళ్ళయి తిరువూరు వచ్చిన కొత్తలో ఆ రెండోది నా కంటపడటానికి నాలుగు నెలలు పట్టింది.

ఆవిడ చెల్లెలు గంపలగూడెంలో ఉంటుంది. మాకు చిన్నత్తయ్య. ఆవిడకీ అలాంటి ముక్కుపుడకే, వజ్రమే. ఇద్దరికీ వాళ్ళమ్మ పెట్టినవే. కాకపోతే చిన్నత్తయ్యది పసుప్పచ్చటి రాయి, శనగబద్దంత ఉండేది. అదెందుకు పసుప్పచ్చగా ఉందన్న విషయంలో మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. చిన్నత్తయ్య రోజూ మొహానికి పసుపు దట్టిస్తుంది, సరిగ్గా కడుక్కోదు, ఆ పసుపంతా రాయిలోకి దిగిపోయింది. మరి వాళ్ళమ్మ దగ్గరున్నప్పుడు కూడా అదే రంగు కదా అని నేనడిగితే, "మా అమ్మ మాత్రం సరిగ్గా కడుక్కునేదా ఏంటి?" అని తీర్పు చెప్పేసింది అత్తయ్య.

చిన్నత్తయ్య బస్సు దిగి మా గుమ్మం ఎక్కడం పాపం, కాఫీ కంటే ముందు తిట్లు తయారుగా ఉండేవి. "మొహం సరిగ్గా కడుక్కోవే అని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంటూ ఆ ముక్కుపుడక ఊడదీయించి, కుంకుడురసంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షు పెట్టి తోమేది. నలభై ఏళ్ళ పైమాటే, తోముతూనే ఉంది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. అంత సైన్సు చెప్పే దాన్ని, ఓసారి నేనూ వంటసోడా వేసి తోమాను. నవ్వుకోండి, మీ ఇష్టం.

దీని వెనక ఒక కథుంది. అది అత్తయ్యే గొప్పగా చెప్పేది. ఆవిడ పెళ్ళికి వాళ్ళమ్మ ముందు పసుపు రాయే పెట్టిందట. అద్దంలో చూసుకుని, "ఇదేంటమ్మా, వాడేసిన రాయిలా ఉంది, అత్తవారింట్లో నవ్వుతారు" అని ఈవిడ ఒకటే ఏడుపు. చెల్లెలికని దాచిన తెల్లరాయి తీసి పెట్టేదాకా పీటల మీద కూర్చోలేదు. మిగిలిన పసుపు రాయి ఆరేళ్ళ తర్వాత చిన్నత్తయ్య పెళ్ళికి చిన్నత్తయ్యకి వచ్చింది. "పెళ్ళికూతురు ఏడిస్తే ఏ తల్లి కాదంటుందే!" అని అత్తయ్య నవ్వేది. చిన్నత్తయ్య కూడా నవ్వేది. అయితే ఊళ్ళో పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు కొంగుతో ముక్కు కాస్త కప్పుకునేది, అది నేను చూశాను.

చిన్నత్తయ్య జాకెట్లు కుడుతుంది. ముప్పై ఏళ్ళుగా అదే అద్దె ఇల్లు, రెండు గదులూ ముందొక పంచా. పంచలో మిషను. చిన్న మావయ్య పత్తి మిల్లులో వాచ్‌మన్, నోట్లోంచి మాట రాలదు. పోయినేడు ఆ ఇంటాయన ఖమ్మం వెళ్ళిపోతూ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. "దీపావళి లోపు నువ్వు కొంటే నీకే అమ్మా, లేదంటే పక్క ఎరువుల కొట్టువాళ్ళు గోడౌను కట్టుకుంటారట" అన్నాడు.

"మా ఇంటికొచ్చి ఉండండి చిన్నత్తయ్యా" అన్నాను.

"మీ అత్తతో ఒకే కప్పు కిందా? నేను నీకేం అన్యాయం చేశానే అమ్మాయ్?" అంది. నవ్వుతూనే అంది కానీ ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ పంచలో మిషను తప్ప నాకింకేం తెలుసే? ఈ వయసులో ఇంకో ఊరెళ్తే నన్ను నమ్మి జాకెట్టు గుడ్డ ఎవరిస్తారు?"

దాంతో ఉన్న కాస్త బంగారం అమ్మేయాలని మూట కట్టుకొచ్చింది. ముగ్గురం కలిసి మా సందు చివర ఆచారిగారి కొట్టుకి వెళ్ళాం. అత్తయ్య దారి పొడుగునా చెబుతూనే ఉంది, ఆ ముక్కుపుడకలో రాయికి ఎవడూ పైసా ఇవ్వడు, బంగారం తూకమన్నా కళ్ళు పెట్టి చూసుకోమని.

ఆచారిగారు ముక్కుపుడక వెనక మూత తీశారు. లోపల నిజంగానే ఏళ్ళ నాటి పసుపు గట్టిపడిపోయి ఉంది. "చూశారా!" అని అత్తయ్య మా ఇద్దరి వంకా గెలిచినట్టు చూసింది. ఆయన అదంతా గీకేసి, రాయిని విడదీసి, కడిగి తెల్ల కాగితం మీద పెట్టారు. ఇంకా పసుపే. అద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశారు. పెన్నులాంటి ఓ మిషను దానికి ఆనిస్తే కుయ్‌మంది.

"ఇది పట్టిన పసుపు కాదమ్మా. రాయి పుట్టుకే ఈ రంగు. ఇంత చిక్కటి రంగు వజ్రం నా సర్వీసులో నేను చూడలేదు. దీన్ని కొనే స్తోమత నాకు లేదు" అన్నారు.

అత్తయ్య నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ క్షణాన్ని ఫోన్లో తీసి దాచుకోనందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

"మిషను కుయ్‌మంటే వజ్రమేనా అండీ?" అనడిగాను, ఎంతైనా సైన్సు టీచర్ని.

"ఆ మిషన్ని మోసం చేసే రాళ్ళున్నాయమ్మా. తెల్లరాయికి రంగు తెప్పించేవాళ్ళూ ఉన్నారు. ఇది పాతకాలం చెక్కుడు కాబట్టి నాకు నమ్మకమే. నా నమ్మకాన్ని చూసి ఎవరూ డబ్బివ్వరు కదా. హైదరాబాదు ల్యాబులో పరీక్ష చేయించి కాగితం తెచ్చుకోండి. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి. ఫోటోలు తీసి పంపకండి. ఇంటికి తీసుకెళ్ళి చూసిస్తామంటే అసలే ఇవ్వకండి."

సరేనన్నాం. ముక్కు కుట్టు పూడిపోతుందని చిన్నత్తయ్య ఆ కొట్టు మూలనున్న చీపురులోంచి ఓ పుల్ల లాగి, చిటుక్కున విరిచి ముక్కుకి పెట్టుకుంది. రాయిని తన హుక్కుల డబ్బాలో, జాకెట్టు హుక్కుల మధ్య పడేసింది. అంత వజ్రం ఉన్న మనిషి ముక్కుకి చీపురుపుల్లతో సందులో నడిచి వస్తుంటే నాకు నవ్వాగలేదు.

ఎవరికీ చెప్పలేదు. స్టాఫ్‌రూమ్‌లో పక్క సీటు మేడమ్‌కి ఒక్కదానికే చెప్పాను, అదీ ఒట్టు వేయించుకుని. రెండో రోజు పాలు పోసే ఆయన, "ఏంటి టీచరుగారూ, వజ్రం దొరికిందట!" అన్నాడు. నా తలకాయ తీసేసినట్టయింది. మూడో రోజు మా గుమ్మం ముందు తెల్ల కారు ఆగింది.

దిగినాయన తెల్ల చొక్కా వేసుకుని, తేనె పూసినట్టు మాట్లాడాడు. రాయి చూపించమన్నాడు. ల్యాబుకి వెళ్ళేదాకా మా ఇంట్లోనే ఆగిన చిన్నత్తయ్య డబ్బా మూత తీసింది కానీ డబ్బా వదల్లేదు. ఆయన వంగి చూసి నిట్టూర్చాడు. "అయ్యో, పసుపు పట్టేసిందమ్మా. వజ్రమంటే తెల్లగా ఉండాలి కదా. మీ పరిస్థితి విన్నాను కాబట్టి, పుణ్యానికి నేను తీసుకుంటాను. ఇప్పుడే కొంత చేతిలో పెడతా, రాయి తీసుకెళ్ళి మా వాళ్ళకి చూపించి మిగతాది తెస్తా."

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు విప్పేలోపే అత్తయ్య, "నేనదే చెబుతున్నా నాయనా, నలభై ఏళ్ళ నించి! ఆచారికి ఏం తెలుసు! తీసుకుపో" అనేసింది. తన మాటే నిజమని ఒక్కడైనా అన్నాడన్న సంతోషం అలాంటిది. నేను ఆవిడ తొడ మీద గిల్లాను. "ఎందుకే గిల్లుతావు?" అని గట్టిగా అరిచింది.

చిన్నత్తయ్య మాత్రం డబ్బా మూత పెట్టేసింది. "బాబూ, పనికిరాని రాయి కోసం పెట్రోలు పోసుకుని ఇంత దూరం ఎవరూ రారు. కొలతలు తీసుకోకుండా జాకెట్టు గుడ్డకి కత్తెర పెట్టను నేను. ఇదీ అంతే" అంది. ఆయన వెళ్ళిపోయాడు. అంతసేపూ అత్తయ్యని వేలెత్తి చూపిద్దామనుకున్నాను. స్టాఫ్‌రూమ్ గుర్తొచ్చి ఊరుకున్నాను.

మర్నాడే హైదరాబాదు బస్సెక్కాం, ముగ్గురమూ. "మీ ఇద్దరు తెలివితక్కువ వాళ్ళని ఒంటరిగా పంపనా?" అని అత్తయ్య కిటికీ సీటు పట్టేసింది. ల్యాబులో రాయిని మా కళ్ళ ముందే తూచి, ఫోటో తీసి, బరువూ కొలతలూ రాసిన రసీదు ఇచ్చారు. కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళి రాయీ రిపోర్టూ ఇంటికి తెచ్చుకున్నాం. సహజమైన వజ్రం, రంగు కూడా సహజమే, చిక్కటి పసుపు అని ఉంది. నేను తెలుగులో చదివి వినిపించాను.

"కాగితం మీద కూడా పసుపనే రాశారా!" అంది అత్తయ్య. అన్నదే గానీ గొంతులో ఎప్పటి పస లేదు.

చిన్నత్తయ్య ఆ కాగితాన్ని మడిచి అక్క చేతిలో పెట్టింది. "అక్కా, అమ్మ మొదట దీన్ని నీకే పెట్టింది. ఇందులో సగం నీది" అంది.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. రాయి నిజమైతే ఎంత రావచ్చో ఆచారిగారు ఉజ్జాయింపుగా చెప్పి ఉన్నారు. సగం పోతే ఇల్లు రాదు. అత్తయ్య అవుననలేదు, కాదనలేదు. కాగితం తిరిగిచ్చేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పది రోజులు ఆవిడ ఎవరినీ తిట్టలేదు. కూరలో ఉప్పెక్కువైనా తిట్టలేదు. నాకు భయం వేసింది. దీపావళి దగ్గరకొస్తోంది, ఇంటాయన రెండుసార్లు ఫోన్ చేశాడు, అడుగుదామంటే నోరు రాదు. ఆవిడ మనసులో ఏముందోనని నేను నిజంగానే ఆవిడని అనుమానించాను. ఆ మాట ఇక్కడ రాయకపోతే తప్పవుతుంది.

రాయిని బ్యాంకు లాకర్లో పెట్టాం, రిపోర్టు మా బీరువాలో. రెండూ ఒక్కచోట ఉండకూడదని ఆచారిగారు చెప్పారు. ల్యాబువాళ్ళు రాయి ఏంటో చెబుతారు గానీ ఖరీదు చెప్పరు. అందుకని ఆయనే తనకు ఏళ్ళుగా తెలిసిన ఇద్దరు వజ్రాల వ్యాపారులతో విడివిడిగా ధర చెప్పించారు. ఎక్కువ చెప్పిన విజయవాడ ఆయన్ని ఇంటికి కాదు, బ్యాంకుకే రమ్మన్నాం.

మేనేజరుగారి గదిలో కూర్చున్నాం. వ్యాపారి రాయిని తూచి, రిపోర్టులో బరువుతో సరిచూసుకుని, అద్దంలో చూసి తలూపాడు. రాయి మళ్ళీ బల్ల మీద మా వైపుకే జరిగింది. డబ్బు చిన్నత్తయ్య ఖాతాలో పడిందని మేనేజరుగారు నోటితో చెప్పేదాకా అది మా వైపే ఉండాలని ఒప్పందం. డబ్బు పంపేముందు లాయరు రాసిన కాగితం ఒకటి తీశాడాయన. "తల్లిగారి నగ కదండీ, రేపు ఎవరూ మాదని రాకూడదు. ఇందులో నాకు హక్కు లేదని అక్కగారు సంతకం పెట్టాలి" అన్నాడు.

పెన్ను అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ పట్టుకుని కూర్చుంది. చిన్నత్తయ్య తల వంచుకుని చీర అంచు మడతలు పెడుతోంది.

"ముందు ఆ రాయి ఇలా ఇవ్వవే" అంది అత్తయ్య నాతో.

అయిపోయింది, ఇల్లు పోయింది అనుకున్నాను. వ్యాపారి వంక చూసి, రాయిని దాని పొట్లం కాగితంతో సహా ఆవిడ ముందుకు జరిపాను. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో తీసి తన ముక్కుకి రెండో వైపున ఆనించుకుంది.

"ఏమే, నీ ఫోన్లో అద్దం పెట్టు" అంది నాతో.

కెమెరా తిప్పి పట్టుకున్నాను. చాలాసేపు చూసుకుంది. ఒక పక్క తెల్లది, ఒక పక్క పసుపుది. పెళ్ళినాడు ఏడుస్తూ సరిగ్గా చూసి ఉండదు.

"ఎంత బాగుందే" అంది, ఎవరితోనూ కాదు. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "నలభై ఏళ్ళు తోమానే దీన్ని. నలుగురిలో నిన్నెన్ని మాటలన్నానే!"

"పోనీలే అక్కా, తోమబట్టే మెరిసింది" అంది చిన్నత్తయ్య.

అత్తయ్య రాయి కింద పెట్టి సంతకం చేసింది. కొంచెంసేపటికి మేనేజరుగారు డబ్బు పడిందన్నారు. వ్యాపారి రాయిని పొట్లం కట్టుకుంటుంటే అత్తయ్య తన ముక్కుపుడక మర తిప్పడం మొదలుపెట్టింది. ఏళ్ళుగా తీయనిది, ఎంతకీ రాదు. ఆఖరికి ఆ వ్యాపారే తన పట్టకారు ఇచ్చాడు. ఊడి రాగానే చెల్లెలి ముక్కులో చీపురుపుల్ల పీకేసి, ఆ పుల్లని ఏమాత్రం మొహమాటం లేకుండా తన ముక్కుకి పెట్టుకుంది. తెల్లరాయిని చిన్నత్తయ్య అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"అమ్మ నీకని దాచింది ఇదేనే. నేనే ఏడ్చి లాక్కున్నా. పెట్టుకో" అంది. చిన్నత్తయ్య ఏడుపు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

అత్తయ్య లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "తెల్లరాయి అది. మొహం మాత్రం సరిగ్గా కడుక్కో."